నమ్మకం మీద తీర్పు, మాట మీద కేసు

మధ్యయుగాల ఐరోపాలో మతధిక్కారం అంటే తప్పుగా నమ్మడం ఒక్కటే కాదు. చర్చి బోధకు విరుద్ధమైన అభిప్రాయం పెట్టుకోవాలి, అది తప్పని మతాధికారులు చెప్పాక కూడా పట్టు విడవకూడదు. ఈ రెండూ కలిస్తేనే నేరం. తెలియక ఏదో నమ్మిన పల్లెటూరి మనిషి వాళ్ల లెక్కలో అజ్ఞాని మాత్రమే. దిద్దిన తర్వాత కూడా మొండికేస్తే నేరస్థుడు. పైగా ఈ నేరం జ్ఞానస్నానం పొందినవాళ్లకే వర్తించేది. యూదులు, ముస్లింలు అవిశ్వాసులే తప్ప మతధిక్కారులు కారు. పరాయివాడు తప్పుడు దేవుణ్ణి కొలిస్తే చర్చి సహించిన సందర్భాలున్నాయి కానీ, సొంతింటివాడు దారి తప్పితే సహించలేదు.

విద్వేష ప్రసంగం మీద ఐరోపాలో పెద్ద కేసు ఏది నడిచినా ఈ పాత చట్టాల ప్రస్తావన రాక మానదు. విద్వేష ప్రసంగ చట్టాలు వేషం మార్చుకున్న మతధిక్కార చట్టాలేనని వాక్ స్వాతంత్ర్యం కోరేవాళ్లు అంటారు. మతాన్ని కాపాడే చట్టానికీ మనుషుల్ని కాపాడే చట్టానికీ ముడి ఎలా పెడతారని అటువైపు వాళ్లు కొట్టిపారేస్తారు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే రెండింటి ఉద్దేశాలూ వేరని తేలుతుంది. పోలికలు ఉన్నమాట కూడా నిజమే. అయితే అవి చట్టం చెప్పే మాటలో కంటే చట్టం నడిచే పద్ధతిలో ఎక్కువ.

రాజద్రోహంతో సమానం

ఈ నేరానికి మరణశిక్ష మొదటినుంచీ ఉన్నది కాదు. 385 ప్రాంతంలో ట్రియర్ నగరంలో ప్రిసిలియన్ అనే బిషప్‌కు మరణశిక్ష అమలు చేసినప్పుడు, టూర్స్ బిషప్ మార్టిన్ లాంటి చర్చి పెద్దలే అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత పశ్చిమ ఐరోపాలో ఆరు శతాబ్దాలకు పైగా అలాంటి శిక్షలు దాదాపు కనబడవు. 1022లో ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్‌లో రాజు రెండో రాబర్ట్ పది మందికి పైగా మతధిక్కారులను కాల్పించాడు. వాళ్లలో కొందరు పేరున్న మతగురువులు. అక్కడితో పాత అలవాటు మారింది.

పన్నెండో శతాబ్దంలో పట్టణాలు పెరిగాయి. ఆస్తులు వదులుకుని వీధుల్లో బోధించే వాల్డెన్సియన్లు, భౌతిక ప్రపంచమే సైతాను సృష్టి అని చెప్పే కాథార్లు జనంలోకి వెళ్లారు. 1184లో వెరోనాలో పోప్ మూడో లూసియస్, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాను పక్కన పెట్టుకుని ఒక శాసనం విడుదల చేశాడు. బిషప్‌లు అనుమానమున్న ఊళ్లకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లి, నమ్మకస్తులైన గ్రామస్థుల చేత ప్రమాణం చేయించి, దారి తప్పినవాళ్ల పేర్లు చెప్పించాలన్నది అందులో ముఖ్యమైన ఏర్పాటు. అంతవరకు ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే విచారణ. ఇకపై విచారణే ఫిర్యాదుల్ని వెతుక్కుంటూ ఊరికి వస్తుంది.

1199లో పోప్ మూడో ఇన్నోసెంట్ మరో మెట్టు ఎక్కాడు. రోమన్ చట్టంలో రాజద్రోహికి ఆస్తి జప్తు ఉంది కాబట్టి, అంతకంటే పెద్ద ప్రభువైన దేవుడికి ద్రోహం చేసినవాడి ఆస్తి కూడా జప్తు కావాలని తేల్చాడు. వారసులకు, వాళ్లు ఏ తప్పూ చేయకపోయినా, చిల్లిగవ్వ దక్కదు. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ ఈ ఏర్పాట్లన్నిటినీ ఒకచోట చేర్చింది. చర్చి నేరం నిర్ధారిస్తుంది, శిక్ష అమలుకు రాజుకు అప్పగిస్తుంది. తన నేల నుంచి మతధిక్కారులను వెళ్లగొట్టని ప్రభువు ఏడాదిలోగా దారికి రాకపోతే ఆ నేల మీద హక్కే పోగొట్టుకుంటాడు. 1230ల్లో పోప్ తొమ్మిదో గ్రెగరీ ఈ పనికి డొమినికన్ సన్యాసులను నియమించాడు. 1252లో పోప్ నాలుగో ఇన్నోసెంట్, అవయవాలు విరగకుండా, ప్రాణం పోకుండా చిత్రహింస పెట్టవచ్చని అనుమతి ఇచ్చాడు.

ఇదంతా చేసినవాళ్లు తమను తాము క్రూరులమని అనుకోలేదు. సమాజాన్ని పెద్ద హాని నుంచి కాపాడుతున్నామనే నమ్మారు. థామస్ అక్వినాస్ వాదన సూటిగా ఉంటుంది: దొంగ నాణేలు చేసేవాడికే రాజులు మరణశిక్ష వేస్తున్నప్పుడు, ఆత్మకు ప్రాణమైన విశ్వాసాన్ని కల్తీ చేసేవాడిని వదలడం ఏ న్యాయం? ఇంగ్లండ్‌లో 1401 నాటి చట్టం ఇంకా లౌకికమైన భాషలో మాట్లాడుతుంది. మతసంస్కర్త విక్లిఫ్ అనుచరులైన లొల్లార్డులు అనుమతి లేకుండా బోధిస్తున్నారు, బళ్లు నడుపుతున్నారు, పుస్తకాలు రాస్తున్నారు, జనాన్ని అల్లర్లకు, తిరుగుబాటుకు రెచ్చగొడుతున్నారు అన్నది దాని పీఠికలో చెప్పిన కారణం. శిక్ష మాత్రం ఎత్తైన చోట, అందరూ చూసి భయపడేలా కాల్చడం. దేవుడి పేరు తీసేసి ఆ పీఠిక ఒక్కటే చదివితే శాంతిభద్రతల చట్టమే అనిపిస్తుంది. అందుకని 'పాతవి నమ్మకాన్ని శిక్షించాయి, కొత్తవి హానిని శిక్షిస్తాయి' అని ఒక్క గీత గీసి ఊరుకోవడం కుదరదు. హాని అనే వాదన రెండు కాలాల్లోనూ ఉంది. ఏది హాని, దాన్ని ఎలా రుజువు చేయాలి అన్న దగ్గరే తేడా వస్తుంది.

బెయాట్రిస్ సంచి

1320 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని పామియే బిషప్ జాక్ ఫూర్నియే, బెయాట్రిస్ ద ప్లానిసోల్ అనే స్త్రీని విచారణకు పిలిపించాడు. చిన్నపాటి ప్రభువుల కుటుంబంలో పుట్టి, మోంటాయూ అనే కొండ ఊరి కోట అధికారికి భార్య అయి, ఇద్దరు భర్తలను పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆమె మీద ఉన్న ఫిర్యాదుల్లో ప్రధానమైనది ఒక మాట. పూజలో ఇచ్చే సత్ప్రసాదం నిజంగా క్రీస్తు శరీరమే అయితే, అది ఊరి పక్క కొండంత ఉన్నా ఈపాటికి గురువులే తినేసేవాళ్లని ఆమె ఎప్పుడో అన్నదట. ఎన్నో ఏళ్ల కిందట విసిరిన వెటకారం అది.

మళ్లీ వస్తానని మాటిచ్చి ఆమె పారిపోయింది. పట్టుకున్నప్పుడు ఆమె సంచి సోదా చేశారు. అందులో మగశిశువుల బొడ్డుతాళ్లు రెండు, రక్తపు మరకలున్న గుడ్డ, కాస్త కాలిన సాంబ్రాణి, అద్దం, బట్టలో చుట్టిన చిన్న కత్తి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎందుకని అడిగారు. బొడ్డుతాళ్లు తన మనవలవనీ, దగ్గరుంటే కోర్టు వ్యవహారాల్లో ఓడిపోరని ఒకామె చెప్పిందనీ, గుడ్డ మీది మరకలు కూతురి తొలి రజస్సువనీ, దాన్ని అల్లుడికి తాగిస్తే కూతుర్ని వదలకుండా ఉంటాడని విన్నాననీ ఆమె చెప్పుకొచ్చింది. ఇల్లు, పిల్లలు, ప్రేమలు అన్నీ ఒక గుమాస్తా లాటిన్‌లో రాసుకుంటూ పోయాడు. ఒక వెటకారంతో మొదలైన విచారణ ఒక జీవితమంతా తవ్వి పోసింది. 1321 మార్చిలో ఆమెను చెరసాలకు పంపారు. 1322 జులైలో, బట్టల మీద పసుపు సిలువలు కుట్టుకుని తిరగాలన్న షరతు మీద విడుదల చేశారు.

ఫూర్నియే తర్వాత పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు. అందువల్లే అతని రిజిస్టరు వాటికన్ గ్రంథాలయం చేరి భద్రంగా మిగిలింది. మతవిచారణ అనగానే మంటలు, కేకలు గుర్తొస్తాయి కానీ అది ప్రధానంగా కాగితాల వ్యవహారం. 1245–46లో టూలూజ్ చుట్టుపక్కల ఇద్దరు విచారకులు అయిదు వేల మందికి పైగా జనాన్ని పిలిపించి వాంగ్మూలాలు రాయించారు. ఆ రాతలు పదిలంగా ఉండేవి. పదేళ్ల తర్వాత, ఇరవయ్యేళ్ల తర్వాత తీసి సరిపోల్చేవాళ్లు. ఒకసారి తప్పు ఒప్పుకుని మళ్లీ అదే మాట అన్నట్టు తేలితే ఇక క్షమాపణ లేదు. టూలూజ్ విచారకుడు బెర్నార్ గీ వేసిన ఆరు వందలకు పైగా శిక్షల్లో సజీవ దహనానికి అప్పగించినవి నలభై దరిదాపు. ఫూర్నియే కాలంలో పామియేలో కాల్చినవాళ్లు ఐదుగురు. మిగతావాళ్లకు చెరసాల, తీర్థయాత్రలు, పసుపు సిలువలు, ఆస్తి జప్తు. కాల్చింది కొద్దిమందినే కాబట్టి అది మెతక వ్యవస్థ అనుకుంటే పొరపాటు. ఆ కొద్దిమందిని చూసి మిగతా ఊరంతా నోరు కట్టుకోవడమే దాని పని.

నిందితుడికి తన మీద సాక్ష్యం చెప్పింది ఎవరో సాధారణంగా చెప్పేవారు కాదు. అతనికి మిగిలిన దారి ఒక్కటే: తనకు బద్ధశత్రువులు ఎవరెవరో ముందే పేర్లు చెప్పుకోవాలి. సాక్షి పేరు ఆ జాబితాలో ఉంటే ఆ సాక్ష్యం విలువ పడిపోతుంది. ఊళ్లో తనకు పడనివాళ్లు ఎవరో సరిగ్గా ఊహించగలిగినవాడు బతికిపోయేవాడన్నమాట.

సాక్ష్యం ఎక్కడినుంచి వచ్చేదో ఇంగ్లండ్‌లోని నార్విచ్ రికార్డులు చూపిస్తాయి. 1428–31 మధ్య అక్కడ అరవై మంది దాకా లొల్లార్డులను విచారించారు. వాళ్లలో మార్జరీ బాక్‌స్టర్ ఒకరు. ఆమె మీద సాక్ష్యం చెప్పింది పక్కింటి స్త్రీ. పొయ్యి దగ్గర కూర్చుని కలిసి బట్టలు కుట్టుకుంటుండగా మార్జరీ విగ్రహాల గురించి, గురువుల గురించి ఏమన్నదో ఆమె వరసగా అప్పజెప్పింది. ఆ ఇంటి పనిపిల్ల ఇంకొకటి కలిపింది: ఉపవాస దినాల్లో మార్జరీ ఇంట్లో మూతపెట్టిన ఇత్తడి గిన్నెలో పందిమాంసం ఉడుకుతుండగా చూశానని.

ఇప్పటి చాలా విద్వేష ప్రసంగ చట్టాలు ఈ పొయ్యిగడ్డ దగ్గరే గీత గీశాయి. ఇంగ్లండ్‌లో 1986 నాటి ప్రజా శాంతి చట్టం ప్రకారం ఇంట్లో మాట్లాడిన మాట, ఇంట్లోవాళ్లకే వినబడితే, జాతి విద్వేష నేరం కాదు. కెనడా శిక్షాస్మృతి ఆంతరంగిక సంభాషణను మినహాయించింది. స్కాట్లండ్ 2021లో చేసిన చట్టంలో మాత్రం ఇంటికి మినహాయింపు లేదు. అక్కడ దాని మీద వచ్చిన వ్యతిరేకతలో ఇదొక ముఖ్య కారణం. 2024 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చిన మొదటి వారంలోనే పోలీసులకు ఏడు వేలకు పైగా ఫిర్యాదులు అందాయి, చాలామటుకు పేరు చెప్పకుండా వచ్చినవే. అందులో నేరాలుగా నమోదైనవి 240 మాత్రమే. పేరు చెప్పని ఫిర్యాదుదారు కొత్త మనిషి కాదు. అయితే ఇప్పుడు ఆ ఫిర్యాదు మీద కేసు కోర్టుకెక్కాలంటే సాక్షి బయటికి రావాలి, ఎదుటి వకీలు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

పాత చట్టాలు పోయిన తీరు

మతధిక్కార చట్టాలు ఒక్కసారిగా రద్దు కాలేదు. ఇంగ్లండ్ వాటిని 1547లో తీసేసింది, 1554లో మేరీ రాణి మళ్లీ తెచ్చింది, ఆమె హయాంలో మూడు వందల మందికి కాస్త తక్కువగా కాల్చారు, 1559లో ఎలిజబెత్ మళ్లీ తీసేసింది. అయినా 1612లో ఇద్దరిని కాల్చారు. కాల్చే ఉత్తర్వును పార్లమెంటు రద్దు చేసింది 1677లో. స్పెయిన్ మతవిచారణ వ్యవస్థ (ఇన్‌క్విజిషన్) 1834 దాకా సాగింది. మన దేశంలో అలాంటిదే అయిన పోర్చుగీసు వ్యవస్థ గోవాలో 1560లో మొదలై, మధ్యలో కొన్నాళ్లు ఆగి, 1812లో ముగిసింది. అక్కడ ఎక్కువగా బలైంది మతం మారిన తర్వాత కూడా పాత ఆచారాలు విడవలేదన్న నింద పడ్డవాళ్లు.

మతధిక్కారం పోయిన చోట దైవదూషణ నేరం ఇంకొంతకాలం మిగిలింది. రెండింటికీ తేడా ఉంది. మొదటిది ఏం నమ్ముతున్నావని అడుగుతుంది, రెండోది ఎంత అసభ్యంగా అన్నావని అడుగుతుంది. 1697లో ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థిని దైవదూషణకు ఉరితీశారు. ఇంగ్లండ్ ఆ నేరాన్ని రద్దు చేసింది 2008లో, స్కాట్లండ్ రద్దు చేసింది పైన చెప్పిన 2021 చట్టంతోనే. దైవదూషణ నేరాన్ని తీసేసిన కాగితం మీదే విద్వేష నేరాన్ని విస్తరించడం కాకతాళీయమే కావచ్చు కానీ, విమర్శకులకు అది మంచి ఆయుధమైంది.

దేవుడి స్థానంలో మనుషులు

విద్వేష ప్రసంగ చట్టాల మూలం చర్చిలో కాదు, నాజీల మారణహోమంలో ఉంది. 1959 క్రిస్మస్ ముందురోజు రాత్రి జర్మనీలోని కొలోన్ నగరంలో, మూడు నెలల కిందటే పునఃప్రారంభమైన యూదుల ప్రార్థనా మందిరం గోడల మీద స్వస్తిక గుర్తులు, యూదుల్ని వెళ్లగొట్టాలన్న రాతలు కనిపించాయి. ఆ తర్వాతి వారాల్లో దేశమంతటా అలాంటివే వందలకొద్దీ జరిగాయి. 1871 నుంచి ఉన్న 130వ సెక్షన్ అప్పటిదాకా వర్గాల మధ్య కలహం రేపడం గురించి మాత్రమే చెప్పేది. 1960లో దాన్ని తిరగరాశారు. జనంలో ఒక భాగం మీద ద్వేషం రెచ్చగొట్టి, వాళ్ల మానవ గౌరవం మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి అయిదేళ్ల జైలు. ఆ గౌరవం జర్మనీ రాజ్యాంగంలో మొట్టమొదటి అధికరణ. బ్రిటన్ 1965లో, ఫ్రాన్స్ 1972లో తమ చట్టాలు చేసుకున్నాయి. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, వివక్షకు, శత్రుత్వానికి, హింసకు పురిగొల్పే ద్వేష ప్రచారాన్ని చట్టం నిషేధించాలని సభ్యదేశాలకు చెప్పింది.

అమెరికా ఈ దారిలో నడవలేదు. 1952లో అక్కడి సుప్రీంకోర్టు ఒక వర్గాన్ని కించపరిచే కరపత్రానికి శిక్షను సమర్థించింది గానీ, 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పుతో వైఖరి మారిపోయింది. తక్షణ హింసకు పురిగొల్పి, ఆ హింస జరిగే అవకాశం నిజంగా ఉంటే తప్ప మాటను శిక్షించకూడదు. ఆ కేసులో నిందితుడు కూక్లక్స్ క్లాన్ నాయకుడు.

ఈ చట్టాలు ఎవరిని రక్షిస్తున్నాయో గమనిస్తే పాతవాటితో తేడా బాగా తెలుస్తుంది. మతధిక్కార చట్టానికి బాధితుడు దేవుడు, చర్చి, దారి తప్పబోయే ఆత్మలు. బెయాట్రిస్ మాట వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో ఎవరూ అడగలేదు. విద్వేష ప్రసంగ చట్టంలో బాధితులు కళ్ల ముందున్న మనుషులు. వాళ్ల మతం తప్పని ఎవరైనా చెప్పవచ్చు, ఎగతాళి కూడా చేయవచ్చు. వాళ్లను మనుషులుగా లెక్కచేయవద్దని ఊరికి చెప్పడమే నేరం. ఇంగ్లండ్ 2006లో మత విద్వేష నేరాన్ని చేర్చినప్పుడు ఈ తేడాను చట్టంలోనే రాసిపెట్టింది. మాటలు బెదిరించేవిగా ఉండాలి, ద్వేషం రేపాలన్న ఉద్దేశం ఉండాలి. మతాన్ని, ఆచారాలను విమర్శించడం, వెక్కిరించడం, అవమానించడం ఈ సెక్షన్ కిందికి రావని ఒక నిబంధన విడిగా పెట్టారు. సత్ప్రసాదం మీద బెయాట్రిస్ వెటకారం ఆ చట్టానికి దొరకదు.

కెనడాలో జేమ్స్ కీగ్‌స్ట్రా కేసు ఈ చట్టాలు ఎంత మెల్లగా నడుస్తాయో చూపిస్తుంది. అల్బర్టా రాష్ట్రంలోని ఎక్‌విల్ అనే చిన్న ఊళ్లో అతను హైస్కూల్ టీచరు. చరిత్ర పాఠంలో యూదులు కుట్రదారులని, వాళ్ల మీద జరిగిన మారణహోమం కట్టుకథ అని బోధించేవాడు. పరీక్షల్లో ఆ మాటలే తిరిగి రాయాలి. రాయకపోతే మార్కులు తగ్గేవి. 1982లో ఉద్యోగం పోయింది, 1984లో అభియోగం వచ్చింది. 1990లో సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో ఆ సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. ఆ సెక్షన్‌లో నిందితుడికి రక్షణలూ ఉన్నాయి: చెప్పింది నిజమని చూపగలిగితే, లేదా మతపరమైన అభిప్రాయాన్ని చిత్తశుద్ధితో చెప్పాడని తేలితే శిక్ష లేదు. అటార్నీ జనరల్ ఒప్పుకుంటేనే కేసు. మతవిచారకుడి ముందు 'నేను చెప్పింది నిజం' అనడమే నేరం ఒప్పుకోవడంతో సమానం. ఏది నిజమో అప్పటికే నిర్ణయమైపోయింది కాబట్టి.

అలాగని కొత్త చట్టాలన్నీ ఈ పరీక్షలో నెగ్గవు. ఫ్రాన్స్ 1990లో, జర్మనీ 1994లో యూదుల మారణహోమం జరగలేదనడాన్ని నేరం చేశాయి. అది జరిగిందన్న దానికి సాక్ష్యం కొండంత ఉంది. దాన్ని కాదనేవాళ్ల ఉద్దేశం చరిత్ర పరిశోధన కాదన్నదీ నిజమే. కానీ చట్టం రూపం చూస్తే, ఒక వాక్యాన్ని నిజమని నిర్ణయించి దాన్ని కాదనడాన్ని శిక్షించడం పాత పద్ధతికి బాగా దగ్గర. 2006లో వియన్నా కోర్టులో బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ కేసు ఆ దగ్గరితనాన్ని బయటపెట్టింది. 1989 నాటి ప్రసంగాలకు అతని మీద కేసు. తప్పు ఒప్పుకున్నాడు, తన అభిప్రాయం మారిందన్నాడు. ఆ పశ్చాత్తాపం నిజమైనదిగా కనిపించలేదని న్యాయమూర్తి మూడేళ్ల జైలు వేశాడు. మనసు మారిందా లేదా అని కోర్టు తూచడం మొదలుపెట్టిన క్షణంలో ఫూర్నియే రిజిస్టరు గుర్తుకు రావడం సహజం. అంతకుముందు లండన్‌లో పరువునష్టం దావాలో ఇర్వింగ్‌ను ఓడించిన చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ కూడా అతన్ని జైలుకు పంపడాన్ని సమర్థించలేదు.

మామూలు విద్వేష కేసులో అయితే క్షమాపణ చెబితే శిక్ష తగ్గవచ్చు, అంతే. నిందితుడు మనసులో ఏమనుకుంటాడన్నది కోర్టుకు పట్టదు. మధ్యయుగ విచారణ అసలు లక్ష్యమే అది. మోకాళ్ల మీద నిలబడి, పాత నమ్మకాన్ని వదులుకున్నానని ప్రమాణం చేసినవాడు ప్రాణంతో బయటపడేవాడు. జోన్ ఆఫ్ ఆర్క్ 1431 మే 24న అలా ప్రమాణం చేసింది. కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నందుకు మే 30న కాల్చారు.

మన సెక్షన్ల సంగతి

భారతదేశంలో ఈ రెండు రకాల చట్టాలూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉన్నాయి. 1898లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 153ఏ సెక్షన్ వర్గాల మధ్య శత్రుత్వం పెంచడాన్ని శిక్షిస్తుంది. ఇది అసలైన విద్వేష ప్రసంగ చట్టం. 295ఏ కథ వేరు. 1924లో లాహోర్‌లో ఇస్లాం ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని కించపరుస్తూ ఒక కరపత్రం వెలువడింది. ప్రచురణకర్తకు కింది కోర్టు శిక్ష వేసింది. 1927లో లాహోర్ హైకోర్టు, రాత ఎంత హేయమైనదైనా గతించిన మతనాయకుడి మీద విమర్శ 153ఏ పరిధిలోకి రాదని శిక్ష కొట్టేసింది. దేశమంతా ఆందోళనలు రేగాయి. అదే ఏడాది కేంద్ర శాసనసభ 295ఏ తెచ్చింది: ఏ వర్గం పౌరుల మతభావాలనైనా ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడానికి వాళ్ల మతాన్ని అవమానిస్తే నేరం. ప్రచురణకర్తను 1929లో హత్య చేశారు. 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థిస్తూ, పొరపాటున చేసిన అవమానాలకు, దురుద్దేశం లేనివాటికి ఇది వర్తించదని, తీవ్రమైన రూపానికే వర్తిస్తుందని చెప్పింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇవి 196, 299 సెక్షన్లయ్యాయి.

299 రక్షించేది మనుషులనా, మతాన్నా? చట్టం మనుషుల భావాలంటుంది. కానీ గాయం తగిలే దారి మతానికి జరిగిన అవమానం. బెయాట్రిస్ వెటకారం ఇంగ్లండ్ చట్టానికి దొరకకపోయినా, దాని మీద ఇక్కడి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వడానికి ఏ అడ్డూ లేదు. చెప్పింది నిజమని చూపితే వదిలేయాలన్న నిబంధన కూడా ఈ సెక్షన్లలో లేదు. ఇక దురుద్దేశం ఉందా లేదా అన్నది తేలేది చివర్లో, విచారణ పూర్తయ్యాక. కోర్టు కేసును స్వీకరించాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. ఎఫ్ఐఆర్‌కు, అరెస్టుకు అక్కర్లేదు. అరెస్టు ఈరోజు, అనుమతి ఎప్పటికో, తీర్పు ఇంకెప్పటికో. ఆ అనుమతి కూడా ప్రభుత్వం చేతిలోనే ఉండడం వల్ల, మాట్లాడినవాడు ఎవరి మనిషి అన్నది కేసు నడకను మార్చగలదు.

ఆలస్యం ఎంతో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2012 డిసెంబరులో నిర్మల్, నిజామాబాద్‌లలో ఒక ఎమ్మెల్యే చేసిన ప్రసంగాల మీద పెట్టిన కేసులను హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు 2022 ఏప్రిల్‌లో కొట్టేసింది. తొమ్మిదేళ్లకు పైగా పట్టింది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో పార్టీ ఎమ్మెల్యేను ప్రవక్తపై వ్యాఖ్యల వివాదంలో పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద నిర్బంధించారు. నవంబరులో హైకోర్టు ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది. ఒకచోట చట్టం ఏళ్లకేళ్లు నానింది, రెండోచోట విచారణ అవసరంలేని నిర్బంధ చట్టాన్ని వాడారు.

లా కమిషన్ 2017లో 267వ నివేదికలో విద్వేష ప్రసంగానికి విడిగా సెక్షన్లు రాయాలని సూచించింది. కొత్త సంహితలో ఆ నిర్వచనం రాలేదు. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ కొట్టేస్తూ చర్చించడం, ప్రచారం చేయడం, పురిగొల్పడం వేరువేరని, మొదటి రెండూ ఎంత నచ్చకపోయినా మూడో మెట్టు ఎక్కితేనే చట్టం కలగజేసుకోవాలని చెప్పింది. 2022 అక్టోబరులో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులకు, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకు, ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా కేసులు పెట్టాలని ఆదేశించింది. 1184 శాసనంలో విచారణ ఫిర్యాదుకు ముందు నడిచినట్టే ఇక్కడా పోలీసు ముందు నడుస్తాడు. తేడా ఏమిటంటే, పోలీసు రాసింది మేజిస్ట్రేటు ముందు నిలబడాలి, నిందితుడికి వకీలు ఉంటాడు, పైకోర్టు ఉంటుంది. లాటరన్ మహాసభ, మతధిక్కారులకు అండగా నిలిచిన న్యాయవాది వాదన ఏ కేసులోనూ చెల్లదని పెట్టింది.

ఇటీవలి మార్పు మధ్యయుగ ఏర్పాటును తలకిందులు చేస్తోంది. అప్పట్లో చర్చి తీర్పు చెప్పి శిక్షను రాజుకు అప్పగించేది. ఇప్పుడు చట్టసభ నేరం ఏమిటో రాసి, తొలి తీర్పును ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి కంపెనీలకు అప్పగిస్తోంది. జర్మనీ 2017 చట్టం స్పష్టంగా చట్టవిరుద్ధమైన పోస్టును ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో తీసేయాలంది, లోపాలకు అయిదు కోట్ల యూరోల దాకా జరిమానా పెట్టింది. ఫ్రాన్స్ 2020లో అదే బాట పట్టింది కానీ, ఆ ఏడాది జూన్‌లోనే అక్కడి రాజ్యాంగ మండలి చట్టంలోని ముఖ్య భాగాన్ని కొట్టేసింది. గడువు 24 గంటలు, జరిమానా భారీ, న్యాయమూర్తి జోక్యం శూన్యం అయినప్పుడు, చట్టబద్ధమైన మాటను కూడా తీసేయడమే కంపెనీకి లాభమన్నది మండలి చెప్పిన కారణం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం ఆ తర్వాత వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలవుతున్న ఆ చట్టం ప్రకారం పోస్టు తీసేస్తే కారణం రాసివ్వాలి, తీసేయించుకున్నవాడికి అప్పీలు చేసుకునే దారి చూపాలి.